మెకానికల్ బీటెక్ ఎలా చదవాలి: మొదటి సెమిస్టర్ నుంచి ఫైనలియర్ ప్రాజెక్టు దాకా

ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో మెకానికల్ సీటు వచ్చిందని తెలియగానే ఇంటికొచ్చిన చుట్టాలు ముందుగా అడిగేది "సీఎస్‌ఈ రాలేదా?" అనే. ఆ మాట వింటూ కాలేజీలో చేరిన పిల్లలు చాలామంది మొదటి ఏడాదిలోనే ఈ చదువు మీద ఆశ వదిలేసుకుంటున్నారు. చూస్తే బాధేస్తుంది. మెకానికల్ కష్టమైన బ్రాంచి అన్నది నిజమే. కానీ అందులో నాలుగేళ్లూ చేసే పని చాలావరకు ఒకటే. ఒక వస్తువు చుట్టూ గీత గీయాలి. ఆ గీతను దాటి లోపలికి వచ్చేవేమిటో, బయటికి పోయేవేమిటో రాయాలి. ఆ తర్వాతే లెక్క కట్టాలి. మెకానిక్స్‌లో గీతను దాటేవి బలాలు, థర్మోడైనమిక్స్‌లో వేడి, పని, ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో ద్రవ్యరాశి, మొమెంటమ్. ఇది పట్టుబడితే సబ్జెక్టులు ఒకదానికొకటి తోడవుతాయి. పట్టుబడకపోతే ప్రతి సబ్జెక్టూ కొత్తగా బట్టీ పట్టాల్సిన ఫార్ములాల మూటగా మిగిలిపోతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ ఏడాది ఏం చేయాలో వరసగా చెబుతాను.

చేరకముందు, చేరిన మొదటి నెలలో

ఇంటర్ మ్యాథ్స్ పుస్తకాలు అమ్మేయకండి. వెక్టార్లు, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్, చిన్న డిఫరెన్షియల్ ఈక్వేషన్లు నాలుగేళ్లూ పనికొస్తాయి. రోజుకు అరగంట చొప్పున ఒక నెల వాటిని తిరగేయండి. ఎప్‌సెట్ షార్ట్‌కట్లు ఇక్కడ పనికిరావు. ఇంటిగ్రల్ అంటే చిన్న చిన్న ముక్కల మొత్తం అని తెలిసినవాళ్లకు సెంట్రాయిడ్, మొమెంట్ ఆఫ్ ఇనర్షియా చాప్టర్లు ఒక సాయంత్రంలో అర్థమవుతాయి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఇంకో పని చేయాలి. క్లాసులో కొత్త పదం వినగానే నోటుబుక్కు వెనక పేజీల్లో దాన్ని రాసి, పక్కన దాని అర్థం మీ సొంత తెలుగు వాక్యంలో రాసుకోండి. "స్ట్రెస్: బయటి బలాన్ని తట్టుకోవడానికి వస్తువు లోపల చదరపు మిల్లీమీటరుకు ఎంత బలం పుట్టిందో చెప్పేది" అన్నట్టుగా. పరీక్ష ఇంగ్లీషులోనే రాస్తారు, ఆలోచన మాత్రం మీకు వచ్చిన భాషలో సాగనివ్వండి. భాష రాదన్న టెన్షన్‌తో వెనక బెంచీకి వెళ్లిపోయిన మంచి విద్యార్థులు ఎందరో ఉన్నారు.

డిప్లొమా చేసి ఈసెట్ ద్వారా నేరుగా రెండో ఏడాదిలో చేరేవాళ్లకు వర్క్‌షాపు, డ్రాయింగు చేతిలో ఉంటాయి, ఇబ్బందల్లా మ్యాథ్స్‌తోనే. వాళ్లు చేరకముందు వేసవి మొత్తం మ్యాథ్స్‌కే ఇవ్వడం మంచిది.

డ్రాయింగు: చూపుకి తర్ఫీదు

ఇంజనీరింగ్ డ్రాయింగ్ అనగానే మినీ డ్రాఫ్టర్, షీట్లు, రాత్రంతా మేలుకుని ఫ్రెండు షీటు చూసి దించడం గుర్తొస్తాయి. షీటు దించితే మార్కులు రావచ్చు గానీ చూపు రాదు. ఇంట్లో దొరికే ఒక షడ్భుజి నట్టు తీసుకోండి. ముందు నుంచి, పై నుంచి, పక్క నుంచి ఎలా కనిపిస్తుందో స్కేలు లేకుండా చేత్తో గీయండి. మన దేశంలో వాడేది ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్ కాబట్టి పై నుంచి చూసిన బొమ్మ ముందు బొమ్మకు కింద వస్తుంది, ఎడమ నుంచి చూసినది కుడి పక్కన వస్తుంది. నట్టు తర్వాత కుళాయి హ్యాండిల్, సైకిల్ పెడల్, తలుపు గొళ్లెం గీయండి. రోజుకొక బొమ్మ చాలు, ఒక సెమిస్టరంతా మానకండి.

ఒక స్టీలు వెర్నియర్ క్యాలిపర్ కొనుక్కోండి. లీస్ట్ కౌంట్ 0.02 మిల్లీమీటర్లు ఉన్న మామూలు రకం సరిపోతుంది. గీసిన ప్రతి వస్తువునీ కొలిచి బొమ్మ మీద కొలతలు వేయండి. చేత్తో కొలిచి గీసే అలవాటు పడితే తర్వాత క్యాడ్ (కంప్యూటర్లో డ్రాయింగులు గీసే) సాఫ్ట్‌వేర్ ఏదైనా వారాల్లో వస్తుంది.

మెకానిక్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్: ఇక్కడ తొందరపడకండి

ఈ రెండింటి దగ్గర బలంగా నిలబడినవాళ్లు మూడో ఏడాదిలో డిజైన్ సబ్జెక్టులకు భయపడరు. ఇక్కడ జారినవాళ్లను ఆ లోటు చివరిదాకా వెంటాడుతుంది. అందుకే మిగతావాటికన్నా దీని గురించి ఎక్కువ చెబుతున్నాను.

నియమం ఒకటే, ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీయకుండా పెన్ను ఫార్ములా మీదికి పోకూడదు. లెక్కలో ఉన్న వస్తువును మిగతా ప్రపంచం నుంచి విడదీసి ఒంటరిగా గీయండి. దాన్ని తాకుతున్న ప్రతిదాన్నీ తీసేసి, అది తాకిన చోట దాని బదులు ఒక బాణం పెట్టండి. బరువుకి మరో బాణం. ఒక్క బాణం మరిచినా జవాబు తప్పే.

ఒక ఉదాహరణ చేసి చూద్దాం. 4 మీటర్ల స్టీలు బీమ్, రెండు చివర్లా ఆనింపు, సరిగ్గా మధ్యలో 10 కిలోన్యూటన్ల బరువు, అంటే సుమారు ఒక టన్ను. బీమ్ సొంత బరువు వదిలేద్దాం. మొత్తం బీమ్ చుట్టూ గీత గీస్తే పైనుంచి 10, కింద నుంచి చెరో 5 కిలోన్యూటన్లు కనిపిస్తాయి. ఇప్పుడు బరువుకు కొంచెం ఎడమగా బీమ్‌ను ఊహలో కోసి, ఎడమ ముక్క చుట్టూ మాత్రమే గీత గీయండి. ఆ ముక్క మీద పైకి తోసే 5 కిలోన్యూటన్లు ఒక్కటే ఉంది. మరి అది ఎగిరిపోవట్లేదంటే కోసిన చోట కిందికి 5 కిలోన్యూటన్ల బలం ఉండి తీరాలి. అదే షియర్ ఫోర్స్. అది గిరగిరా తిరిగిపోవట్లేదంటే కోసిన చోట దాన్ని ఆపే మొమెంట్ ఉండాలి. 5 కిలోన్యూటన్లు, 2 మీటర్ల దూరం, కాబట్టి 10 కిలోన్యూటన్ మీటర్లు. అదే బెండింగ్ మొమెంట్. లోడుకు ఒక ఫార్ములా, సపోర్టుకు ఒక ఫార్ములా అంటూ కంఠతా పెట్టాల్సిన పని లేదు. కోసిన చోటల్లా ఇదే పద్ధతి.

ఇంకో అడుగు వేద్దాం. బీమ్ అడ్డుకోత 50 మిల్లీమీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల ఎత్తు అనుకోండి. సెక్షన్ మాడ్యులస్ అంటే వెడల్పును ఎత్తు వర్గంతో గుణించి 6తో భాగించడం, వచ్చేది సుమారు 83,333 ఘన మిల్లీమీటర్లు. మొమెంట్‌ను న్యూటన్ మిల్లీమీటర్లలోకి మార్చి దీనితో భాగిస్తే స్ట్రెస్ 120 మెగాపాస్కల్స్. మైల్డ్ స్టీలు యీల్డ్, అంటే శాశ్వతంగా వంగడం మొదలయ్యే స్ట్రెస్, సుమారు 250 కాబట్టి రెట్టింపుకు పైగా భద్రత ఉంది. అదే కమ్మీని పక్కకు పడుకోబెట్టి వాడితే? వెడల్పు 100, ఎత్తు 50. స్ట్రెస్ 240 మెగాపాస్కల్స్! అదే ఇనుము, అదే బరువు, కానీ వంగిపోయే అంచున ఉంది. మేస్త్రీలు దూలాన్ని ఎందుకు నిలువుగా పెడతారో, రైలు పట్టాల అడ్డుకోత ఎందుకు ఆ ఆకారంలో ఉంటుందో ఈ ఒక్క లెక్క చెబుతుంది. దీన్ని మీరే కాగితం మీద చేసి చూడండి. ఇంతసేపు చదివినదానికన్నా ఆ పది నిమిషాల్లో ఎక్కువ నేర్చుకుంటారు.

యూనిట్ల విషయంలో ఒక అలవాటు చేసుకోండి. బలం న్యూటన్లలో, పొడవు మిల్లీమీటర్లలో పెడితే స్ట్రెస్ నేరుగా మెగాపాస్కల్స్‌లో వస్తుంది. లెక్కలో ప్రతి లైనులోనూ అంకె పక్కన యూనిట్ రాయండి. చాలామంది చివర్లో రాస్తారు, తప్పు జరిగేది మధ్యలో.

థర్మోడైనమిక్స్: సిస్టమ్ ఏదో ముందు తేల్చుకోండి

తలుపులు, కిటికీలు అన్నీ మూసిన గదిలో ఫ్రిజ్ తలుపు తెరిచి పెడితే గది చల్లబడుతుందా? ఫ్రిజ్ ముందు నిలబడితే చల్లగాలి తగులుతుంది కాబట్టి చల్లబడుతుందనే అనిపిస్తుంది. గీత మొత్తం గది చుట్టూ గీయండి. లోపలికి వచ్చేది తీగలోంచి వచ్చే కరెంటు. గోడల్లోంచి వేడి పోదనుకుంటే బయటికి పోయేది ఏమీ లేదు. శక్తి లోపలికి వస్తోంది, బయటికి పోవట్లేదు, కాబట్టి గది వేడెక్కుతుంది. గీత ఎక్కడ గీశారన్న దాన్నిబట్టి ప్రశ్న తేలికవుతుంది, లేదా చిక్కుపడుతుంది. గీత లోపల ఉన్నదే సిస్టమ్. అందుకే ప్రతి థర్మో లెక్కలో మొదటి లైను "సిస్టమ్: ఫలానాది" అని ఉండాలి. రెండో లైనులో అది క్లోజ్డా (పదార్థం గీత దాటదు), ఓపెనా (పదార్థం కూడా దాటుతుంది) రాయాలి. మూడో లైనులో వేడికీ పనికీ ప్లస్, మైనస్ గుర్తులు మీరు ఏ పద్ధతిలో తీసుకుంటున్నారో రాయాలి, ఎందుకంటే పుస్తకానికొక పద్ధతి ఉంటుంది.

రెండు చోట్ల మార్కులు ఊరికే పోతుంటాయి. ఒకటి, ఉష్ణోగ్రత. 327 డిగ్రీల సెల్సియస్ మూలం, 27 డిగ్రీల సింక్ (వేడిని వదిలే చోటు) మధ్య పనిచేసే కార్నో ఇంజన్ (అత్యధిక సామర్థ్యం ఉన్న ఊహా ఇంజన్) సామర్థ్యం 50 శాతం, ఎందుకంటే కెల్విన్‌లో అవి 600, 300. సెల్సియస్‌లోనే వేస్తే దాదాపు 92 శాతం వస్తుంది. ఆ అంకె చూడగానే అనుమానం రావాలి. రెండోది, గేజ్ ప్రెషర్, అంటే బయటిగాలి ఒత్తిడి కన్నా ఎంత ఎక్కువో చెప్పేది. వంటింటి కుక్కర్ వెయిట్ లేచేటప్పుడు లోపలి ఒత్తిడి బయటిగాలి కన్నా సుమారు 1 బార్ ఎక్కువ. స్టీమ్ టేబుల్స్ (ఏ ఒత్తిడి దగ్గర నీరు ఎన్ని డిగ్రీలకు మరుగుతుందో చెప్పే పట్టికలు) చూసేవాళ్లు 1 బార్ దగ్గర చూస్తే 99.6 డిగ్రీలు కనిపిస్తుంది. టేబుల్స్ బయటిగాలి ఒత్తిడిని కూడా కలిపిన అబ్సొల్యూట్ ప్రెషర్‌తో ఉంటాయి కాబట్టి చూడాల్సింది 2 బార్ దగ్గర, అక్కడ 120.2 డిగ్రీలు. కుక్కర్లో పప్పు తొందరగా ఉడికేది ఆ ఇరవై డిగ్రీల తేడా వల్లే.

స్టీమ్ టేబుల్స్ పరీక్ష హాల్లో మొదటిసారి తెరవకండి. సెమిస్టర్ మొదట్లోనే ఒక కాపీ కొని, రోజుకు రెండు మూడు విలువలు వెతికి, మధ్య విలువలకు ఇంటర్‌పొలేషన్ చేయడం అలవాటు చేసుకోండి.

వీలైతే ఒక థర్మల్ పవర్ స్టేషన్ చూడండి. రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం, సింహాద్రి, మీకు ఏది దగ్గరైతే అది. కాలేజీ ఇండస్ట్రియల్ విజిట్ పెడితే బస్సులో పాటలతో సరిపెట్టకండి. మొత్తం స్టేషన్ చుట్టూ గీత గీసి, లోపలికి బొగ్గు, గాలి, నీళ్లు, బయటికి కరెంటు, చిమ్నీ పొగ, బూడిద, కూలింగ్ టవర్ ఆవిరి అని ముందే కాగితం మీద రాసుకుని వెళ్లండి. బొగ్గులోని శక్తిలో మూడో వంతుకు కాస్త పైన మాత్రమే కరెంటు అవుతుంది, మిగతాది ఎక్కువగా ఆ కూలింగ్ టవర్ దారిన గాల్లో కలుస్తుంది. అక్కడి ఇంజనీర్లను అడగాల్సిన ప్రశ్నలు ఆ కాగితంలోంచే పుడతాయి.

ఫ్లూయిడ్ మెకానిక్స్, యంత్రాలు

ఇక్కడ గీత పేరు కంట్రోల్ వాల్యూమ్. పద్ధతి పైన చెప్పిందే. ముందు అంకెల మీద అంచనా తెచ్చుకోండి. ఇంట్లో 15 మిల్లీమీటర్ల పైపులో నీరు సెకనుకు 1 మీటరు వేగంతో పోతుంటే రెనాల్డ్స్ నంబర్ (ప్రవాహం నున్నగా సాగుతుందా, సుడులు తిరుగుతుందా చెప్పే అంకె) సుమారు 15,000. లామినార్, అంటే నున్నగా సాగే ప్రవాహం దాదాపు 2,000 దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి మీ ఇంటి పైపులో ఉన్నది టర్బులెంట్, అంటే సుడులు తిరిగే ప్రవాహమే. టర్బైన్ల చాప్టర్ చదివేటప్పుడు శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రాన్ని గుర్తుపెట్టుకోండి. అక్కడ 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. ఒకవైపు తిరిగితే అవి టర్బైన్లు, వెనక్కి తిప్పితే నీటిని మళ్లీ పైకి ఎత్తే పంపులు. పంపు, టర్బైన్ రెండూ ఒకే సమీకరణం ఎందుకు వాడతాయో అది చూస్తే తెలుస్తుంది.

వర్క్‌షాపు, ల్యాబులు

ఫిట్టింగ్, వెల్డింగ్, ఫౌండ్రీ, టిన్‌స్మితీ జాబులు (చేసి చూపాల్సిన ముక్కలు) డబ్బులిచ్చి చేయించుకోకండి. ఆకురాయితో ఒక ఇనుప ముక్కను చదునుగా రాయడం ఎంత కష్టమో చేతికి తెలిస్తేనే, రేపు డ్రాయింగు మీద టాలరెన్స్ (కొలతలో ఎంత తేడా ఒప్పుకుంటారో) రాసేటప్పుడు అవసరం లేని చోట బిగించి రాయరు. లేత్ ముందు నిలబడేటప్పుడు స్పీడు మీరే లెక్కకట్టండి. 25 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీలు రాడ్, హైస్పీడ్ స్టీల్ టూల్, కటింగ్ స్పీడు నిమిషానికి 25 మీటర్లు అనుకుంటే స్పిండిల్ సుమారు 318 ఆర్‌పీఎం తిరగాలి. ఆ మెషీన్ గేర్లలో దానికి దగ్గరగా ఉన్నది పెట్టుకోండి. చేతికి గ్లోవ్స్ వేసుకుని లేత్ దగ్గరికి వెళ్లొద్దు, వదులు చొక్కా వద్దు, చక్ కీని (రాడ్‌ను పట్టే చక్‌ను బిగించే తాళాన్ని) చక్‌లో వదిలి స్విచ్ వేయొద్దు. ఈ మూడూ ప్రాణం మీదికి తెచ్చేవే.

సెలవుల్లో హైదరాబాద్ పిల్లలు బాలానగర్, జీడిమెట్ల, విజయవాడ పిల్లలు ఆటోనగర్ వెళ్లి ఏదైనా చిన్న షాపులో కొన్నాళ్లు కూర్చోండి. కాలేజీ లెటర్ పట్టుకుని వెళితే కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. నాలుగు షాపులు తిరగండి. అక్కడి టర్నర్లను "అన్నా, ఈ ఫిట్ ఎందుకు ఇంత టైటుగా పెట్టారు?" అని అడిగితే ఓపిగ్గా చెబుతారు.

మూడో ఏడాది: వస్తువుల మీద రాసింది చదవండి

యంత్ర భాగాల కదలికలు చదివే కైనమాటిక్స్‌కు అట్టముక్కలు, డ్రాయింగ్ పిన్నులు చాలు. నాలుగు అట్టముక్కలు కలిపి ఫోర్ బార్ మెకానిజం చేసి, ఒక లింకు పట్టుకుని మరోటి తిప్పండి. ఏ లింకు పూర్తిగా తిరుగుతుందో, ఏది ఊగుతుందో కళ్లముందే కనిపిస్తుంది. లింకుల పొడవులనుబట్టి అది చెప్పే గ్రాషాఫ్ నియమం అప్పుడు చదవండి.

మెషీన్ డిజైన్‌కు ముందు పాత బైకు మెకానిక్ దగ్గర పడేసిన బేరింగులు, బోల్టులు అడిగి తెచ్చుకోండి. బేరింగ్ మీద 6204 అని ఉంటే లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు. 04 నుంచి పైకి చివరి రెండంకెలను 5తో గుణిస్తే చాలు. 6203 అయితే 17, ఇది ఆ లెక్కలోకి రాదు, విడిగా గుర్తుంచుకోవాలి. వెర్నియర్‌తో కొలిచి సరిచూసుకోండి. బోల్టు తల మీద 8.8 అని ఉంటే అల్టిమేట్ స్ట్రెంత్ (తెగేలోపు తట్టుకునే గరిష్ఠ స్ట్రెస్) 800 మెగాపాస్కల్స్, యీల్డ్ అందులో 80 శాతం, అంటే 640. డేటా బుక్కులో పట్టికలు అప్పుడు ప్రాణమున్నవిగా కనిపిస్తాయి.

సాఫ్ట్‌వేర్ ఎప్పుడు, ఎంత

రెండో ఏడాదిలోనే అమీర్‌పేట వెళ్లి నాలుగు సాఫ్ట్‌వేర్ల ప్యాకేజీకి వేలు కట్టడం నాకు ఇష్టం లేదు. ఫ్రీక్యాడ్ ఉచితం. యాన్సిస్ స్టూడెంట్ వెర్షన్ కూడా ఉచితంగా దొరుకుతుంది, చదువుకోవడానికి దాని పరిమితులు అడ్డు రావు. ఒక త్రీడీ క్యాడ్, ఒక అనాలిసిస్ సాఫ్ట్‌వేర్ తీసుకుని వాటినే లోతుగా నేర్చుకోండి. మొదటి అనాలిసిస్‌గా పైన చేసిన బీమ్‌నే పెట్టండి. స్క్రీన్ మీద 120 మెగాపాస్కల్స్‌కు దగ్గరగా రాకపోతే తప్పు సపోర్టుల్లో ఉందో, యూనిట్లలో ఉందో, మెష్‌లో (బీమ్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టిన తీరులో) ఉందో వెతకండి. చేతిలెక్క లేకుండా రంగురంగుల బొమ్మను నమ్మడం ప్రమాదం. వీటితోపాటు కొంచెం పైథాన్ వస్తే ల్యాబు రీడింగులకు గ్రాఫులు వేయడానికి, పెద్ద లెక్కలను పదిసార్లు మార్చి చూడడానికి చాలా ఉపయోగం.

సెమిస్టర్ పరీక్షలు

సిలబస్‌లో సాధారణంగా ఐదు యూనిట్లు ఉంటాయి. మూడు చదివి గట్టెక్కే పద్ధతి థియరీ సబ్జెక్టుల్లో నడుస్తుందేమో గానీ మెకానిక్స్, థర్మోలలో నడవదు, ఎందుకంటే నాలుగో యూనిట్ రెండోదాని మీద నిలబడి ఉంటుంది. వారానికి ఒక్కో లెక్కల సబ్జెక్టులో ఆరేడు లెక్కలు, పుస్తకంలోని పరిష్కారం మూసిపెట్టి చేయండి. ఇరవై నిమిషాలు తన్నుకున్నా రాకపోతే అప్పుడు తెరవండి, మూడు రోజుల తర్వాత అదే లెక్క మళ్లీ మూసి చేయండి. క్లాసులో అర్థం కాని చాప్టర్‌కు ఎన్‌పీటీఈఎల్ వీడియోలు ఉన్నాయి, ఐఐటీ, ఐఐఎస్సీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా చూడొచ్చు. వీడియో చూడడంతో చదివేసినట్టు అనిపిస్తుంది, నమ్మకండి. ఒక వీడియోకు రెండు లెక్కలు చేసి తీరాలి.

సబ్జెక్టు పోతే దాచిపెట్టకండి. ఇంట్లో చెప్పండి, వచ్చే సప్లీకే కట్టండి. మొదటి ఏడాది మ్యాథ్స్, మెకానిక్స్ బ్యాక్‌లాగులు మూడో ఏడాది దాకా లాక్కొస్తే అటు పాత సబ్జెక్టులకూ ఇటు కొత్తవాటికీ నష్టం.

ఫైనలియర్ ప్రాజెక్టు, ఆ తర్వాత

ప్రాజెక్టు కొనకండి. ఒక్క ముక్కలో చెప్పాలంటే, కొలవగలిగినది ఎంచుకోండి. పల్లెలో బోరున్న విద్యార్థులకు నేను ఎప్పుడూ చెప్పే ప్రాజెక్టు ఒకటి ఉంది, పంపు సామర్థ్యం కొలవడం. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి నిండడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. 33 సెకన్లయితే సెకనుకు దాదాపు 6 లీటర్లు. పంపు నడుస్తున్నప్పుడు బోరులో నీటిమట్టం నుంచి పైపు మూతి దాకా ఎత్తు 30 మీటర్లనుకుంటే, నీటికి అందిన పవర్ సుమారు 1.77 కిలోవాట్లు. మోటారు తీసుకునే కరెంటు కొలవడానికి కాలేజీ ఎలక్ట్రికల్ (ఈఈఈ) ల్యాబు నుంచి పవర్ మీటరు తెచ్చుకుని, ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకోండి, సొంతంగా వైర్లు ముట్టుకోవద్దు. అది 4 కిలోవాట్లు చూపితే మొత్తం సామర్థ్యం 44 శాతం. మిగతా 56 శాతం ఎటు పోయింది? మోటారులోనా, అరిగిన ఇంపెల్లర్‌లోనా, సన్న పైపులో రాపిడివల్లా? ఊళ్లో పది బోర్లు కొలిచి పోల్చితే అది నిజమైన ఇంజనీరింగ్ రిపోర్టు అవుతుంది, రైతుకూ పనికొస్తుంది. ఇంటర్వ్యూలో ఆ ఒక్క ప్రాజెక్టు మీద అరగంట ధైర్యంగా మాట్లాడగలరు.

బృందంతో యంత్రం కట్టాలని ఆసక్తి ఉంటే విద్యార్థులే వాహనం కట్టి పోటీపడే బాహా, సుప్రా లాంటి ఎస్‌ఏఈ ఇండియా పోటీల టీముల్లో రెండో ఏడాదిలోనే చేరండి. డ్రైవరు సీటు కోసం పోటీపడకండి. బ్రేకులో, సస్పెన్షన్‌లో, ఏదో ఒక భాగం డిజైన్ బాధ్యత తీసుకోండి.

గేట్ రాయాలనుకుంటే మూడో ఏడాది నుంచే రాయొచ్చు. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 15 జనరల్ ఆప్టిట్యూడ్‌వి, 13 ఇంజనీరింగ్ మ్యాథ్స్‌వి, అంటే సబ్జెక్టు ముట్టుకోకముందే 28 మార్కులు. ఒకే జవాబు ఎంచుకునే ప్రశ్నల్లో తప్పుకు మూడో వంతు మార్కులు కోత, అంకె టైపు చేసే ప్రశ్నలకు కోత లేదు. ఐఐటీల ఎంటెక్ సీట్లకూ, కొన్ని ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగాలకూ ఈ స్కోరే దారి. కోచింగ్ చేరినా చేరకపోయినా పాత పేపర్లు గడియారం పెట్టుకుని, స్క్రీన్ మీది కాలిక్యులేటర్‌తోనే చేయండి, పరీక్షలో ఇచ్చేది అదే.

సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్లేస్‌మెంట్ వస్తే తీసుకోవడంలో తప్పేమీ లేదు. ఇంటి అప్పులు, చెల్లి చదువు నిజమైన కారణాలే. కోర్ ఉద్యోగాల్లో మొదటి జీతం తరచూ తక్కువగానే ఉంటుంది, అది తెలిసే దిగండి. ఏ దారిన వెళ్లాలన్నది ఏడో సెమిస్టర్ మొదలయ్యేలోపు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ప్లేస్‌మెంట్ నోటీసులు ఆ సెమిస్టర్‌లోనే వరసగా వస్తాయి, గేట్ దరఖాస్తు గడువు కూడా అప్పుడే పడుతుంది.